గోడ పీకబోయిన పళ్ళ డాక్టరు

ఫిబ్రవరి 4

బావమరిదికి,

ఇక్కడ నేను, మీ అక్క, మేడ మీది గదిలో మీ మేనత్తగారు, అందరం బాగానే ఉన్నాం. నా నోట్లో పళ్ళు ఇంకా నావే. నీవి ఎలా ఉన్నాయో ఉప్పుగాలికే తెలియాలి. రాత్రిపూట తోముకుంటున్నావా?

అసలు సంగతికొస్తాను. మొన్న ఆదివారం మీ చిన్నక్కావాళ్ళ కొత్తింటికి భోజనానికి వెళ్ళాం. నీ చిన్నబావ, అంటే నా ముద్దుల తోడల్లుడు, గుమ్మంలోనే పట్టుకుని హాలు చూశారా అన్నాడు. చూడక చస్తానా, ఆ ఇంట్లో అది తప్ప ఇంకేమీ లేదు. ఈ చివర కూర్చున్నవాడికి ఆ చివర కూర్చున్నవాడు బంధువో, దారినపోయేవాడో తెలియదు. ఉప్పు కావాలంటే ఒకరు లేచి నడిచి రావాలి. నేను తిని చెయ్యి కడుక్కుంటుంటే తువ్వాలు అందిస్తూ, "మీ హాలూ బాగానే ఉంటుంది అన్నయ్యా. కాకపోతే రైలుపెట్టెలో కూర్చున్నట్టుంటుంది" అన్నాడు.

మీ అక్క నవ్వింది. ఆ నవ్వు సంగతి తర్వాత తేలుస్తాను.

ఇంటికొచ్చి లైటు వేసి చూస్తే, నిజమే, రైలుపెట్టే. ముందుగదికీ భోజనాల గదికీ మధ్య ఆ గోడ నిలబడి నన్నే చూస్తోంది. ఇన్నేళ్ళూ దానికి క్యాలెండరు తగిలించి నెలలు తిప్పుకుంటూ వచ్చానే తప్ప, అది అడ్డమని నాకు తట్టనే లేదు.

తీసేస్తున్నాను. మేస్త్రీని పిలిపిస్తే అరచేత్తో గోడని ఓసారి చరిచి, వారంలో తీసి నున్నగా చేసిస్తానన్నాడు. ఇందులో అంత విద్యేముంది? పన్నూ గోడా ఒకటే. చుట్టూ వదులు చెయ్యాలి, కదపాలి, ఓపిగ్గా లాగాలి. ముప్ఫై ఏళ్ళుగా నేను చేస్తున్నది అదే. రోగులు చెంప పట్టుకుని వెళ్ళారు తప్ప ఒక్కడికీ తల ఊడిపడలేదు.

పెద్ద సుత్తి కొన్నాను. మొదటి దెబ్బ నాదేనని మేస్త్రీకి ముందే చెప్పాను. నువ్వేమో సముద్రం మధ్యన దీపస్తంభానికి కాపలా కూర్చున్నావు. వారానికోసారి వచ్చే పడవలో ఈ ఉత్తరం నీకు చేరేసరికి గోడ సగమైనా పోయి ఉంటుంది.

సుత్తి మోయలేక కింద పెట్టి రాస్తున్న,
నీ పెద్దబావ


ఫిబ్రవరి 12

పెద్దబావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం నిన్నటి పడవలో ఉల్లిపాయల బస్తా కింద నలిగి వచ్చింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి రాలేదు. పళ్ళు రోజూ తోముతున్నాను.

గోడల గురించి మాట్లాడే అర్హత నాకు లేదని తెలుసు. నా కాపురానికి ఉన్నది ఒకటే గోడ, అది గుండ్రంగా తిరిగి మళ్ళీ మొదటికే వస్తుంది. మూలనేదే లేని ఇంట్లో చీపురు ఎక్కడ నిలబెట్టాలో ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు. కానీ ఒక్కమాట. గోడల్లో ఊరికే నిలబడేవి కొన్ని, మోసేవి కొన్ని. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, మనుషుల్లాగే.

మీరు తీస్తానంటున్న గోడకు సరిగ్గా నెత్తిమీద మా అత్త గది. అందులో అత్త మంచం, ఆవిడ ఇనప బీరువా. అమ్మ పోయాక మా ముగ్గురినీ ఒళ్ళో వేసుకుని పెంచిన మనిషి. మీకు చెప్పాల్సిన పని లేదు. నాకంటే ఎక్కువగా మీరే చూసుకుంటున్నారు.

సుత్తి ఎత్తేముందు ఒక్కసారి ఇంజనీరుకు చూపించండి. ఎక్స్‌రే తియ్యకుండా మీరు మాత్రం పన్ను ముట్టుకుంటారా?

అక్కకు చెప్పండి, తను పంపిన స్వెట్టరు చేతులు పొడుగయ్యాయని. చెప్పకపోయినా ఫర్వాలేదు.

గుండ్రటి గోడలోంచి,
మీ బావమరిది


ఫిబ్రవరి 20

బావమరిదికి,

ఇంజనీరుకు చూపించాలా? చాలా సంతోషం. మన కుటుంబంలో ఇంజనీరంటే ఎవరో పసిపిల్లాడికైనా తెలుసు. వెళ్ళి వాడి కాళ్ళ దగ్గర కూర్చుని, అయ్యా మా రైలుపెట్టెని కాస్త పెద్దది చేసుకోవచ్చా అని అడగమంటావు, అంతేగా?

నీ చిన్నబావ ఐసు ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఐసు కరక్కుండా చూడటానికీ ఇల్లు కూలకుండా చూడటానికీ ఏమిటి సంబంధం? పోయిన చలికాలంలో వాడు నీకు తోలుకోటు కొనిపెట్టాడని నాకు తెలుసు. ఆ కోటు ఇంత లోతుకు పనిచేస్తుందనుకోలేదు. నువ్వు గోడ మీద పిల్లివి. ఆ గోడ కూడా తీసేస్తాను.

పని మొదలైంది. మేస్త్రీ మధ్యలో కిటికీ అంత కన్నం కొట్టాడు, లోపల ఎలా ఉందో చూద్దామని. ఇటుకలే ఉన్నాయి. నేనింకా నరాలేమైనా ఉంటాయేమో అనుకున్నాను. ఆ కన్నంలోంచి భోజనాల బల్ల కనిపిస్తోంది. హాయిగా ఉంది. క్లినిక్ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే కూరేమిటో చూసేయొచ్చు.

మీ అక్క నాతో మాట్లాడటం మానేసి గోడతో మాట్లాడుతోంది. "నువ్వున్నన్నాళ్ళే ఈ ఇంటికి మర్యాద" అని నిన్న దానికి చెబుతోంది, నాకు వినపడేంత గట్టిగా. అత్తయ్యగారికేమో కొత్త ఫిర్యాదు దొరికింది. కన్నం కొట్టిన మర్నాటి నుంచి పైన తన గది తలుపు పూర్తిగా మూసుకోవడం లేదట, కింద రాసుకుంటోందట. ఆ తలుపు ఉబ్బి ఉంటుంది, నూనె వేస్తే సరి అన్నాను. తలుపుకి నూనె వెయ్యటానికి నేను నీ రోగిని కాదన్నారు. దానికి అర్థమేమిటో నాకు తెలియలేదు, ఆవిడకీ తెలియదనుకుంటాను.

నెలాఖరు తర్వాత మిగతాది పడగొట్టిస్తాను. ఇక ఇంజనీరన్న మాట ఈ ఇంట్లో వినపడకూడదు.

ఇట్లు,
ఐసు అవసరం లేని నీ బావ


ఫిబ్రవరి 26

పెద్దబావగారికి,

బుద్ధి తక్కువై రాశాను, వదిలేయండి. నేను చెప్పిన ఇంజనీరు ఎవరైనా ఒక ఇంజనీరు, చిన్నబావ నా మనసులోనే లేడు. అయినా ఇక వివరణలెందుకు? గోడ మీది, సుత్తి మీది. ఆ మాట మళ్ళీ ఎత్తను.

ఒక చిన్న కోరిక మాత్రం తీర్చండి. అత్తకి మోకాళ్ళ నొప్పులు కదా, మెట్లెక్కి దిగడం కష్టం. కొన్నాళ్ళు ఆవిడ్ని కింద వెనకగదిలోకి మార్చండి. నా పేరు చెప్పే అడగండి. నా మాటంటే ఆవిడ కాదనదు.

మిగతా గోడ పడగొట్టడం నేను సెలవులో వచ్చేదాకా ఆపగలిగితే బాగుండును. మీ మొదటి దెబ్బ కళ్ళారా చూడాలని ఉంది. వీలుకాదంటే బలవంతం లేదు.

ఇక్కడ వారం నుంచీ గాలి. దీపం అద్దాలు తుడిచినంతసేపు పట్టదు, మళ్ళీ ఉప్పు పేరుకుంటోంది. తోలుకోటు తొడుక్కోవడం మానేశాను, మీ మీద గౌరవంతో. జలుబు చేసింది.

తుమ్ముతూ,
మీ బావమరిది


మార్చి 8

బావమరిదికి,

ఇవాళ ఆదివారం. నా ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది, అందుకే వెంటనే రాస్తున్నాను.

ముందు నీ కోరిక సంగతి. నీ పేరు చెప్పే అడిగాను. అత్తయ్యగారు ఒక నిమిషం నన్ను చూసి, "వాడికి నా గది మీద ఎప్పుడు కన్నుపడింది?" అన్నారు. మోకాళ్ళ కోసమన్నాను. ఈ ఇంట్లో వాళ్ళంతా నా మోకాళ్ళు చూసుకునే బతుకుతున్నారా అన్నారు. నువ్వు సెలవులో వచ్చి ఆ గదిలో దిగాలని పథకం వేశావని ఆవిడ నమ్మకం. తలుపు పడకపోయినా సరే, గది దిగేది లేదని కుర్చీ అడ్డం పెట్టుకుని లోపల కూర్చున్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఇప్పుడు అసలు కథ. పొద్దున్న పిలవని పేరంటానికి వచ్చినట్టు నీ చిన్నబావ దిగాడు. తెల్ల బూట్లు, చేతిలో ఒక బత్తాయిల సంచి. తిన్నగా గోడ దగ్గరకు వెళ్ళి, కన్నంలోకి తల దూర్చి, అటూ ఇటూ చూసి, మళ్ళీ తల బయటకు తీసి, "ఇదేం గోడ అన్నయ్యా, తోసేస్తే పడిపోతుంది. ఎవరినీ అడగక్కర్లేదు. నేను చెబుతున్నాగా, కొట్టేయండి" అన్నాడు.

ఏం చెప్పమంటావు? అప్పటిదాకా ఆ గోడ మీద నాకు ఒక్క అనుమానం లేదు. వాడు కొట్టేయండి అనగానే మొదటి అనుమానం పుట్టింది. వాడికి ఎలా తెలుసు? టేపు పెట్టి కొలవలేదు, మేడ ఎక్కలేదు, పునాది ఎక్కడుందని అడగలేదు. నా క్లినిక్‌లో ఎవడైనా కుర్రడాక్టరు నోట్లోకి తొంగిచూసి, పీకేయండి, నేను చెబుతున్నాగా అంటే, వాణ్ణి ఆ కుర్చీ దరిదాపులకు రానివ్వను. పైగా వాడి మాట మీద గోడ కొట్టానంటే, రేపు ఆ హాల్లో ఎవరు కూర్చున్నా, నా సలహాతోనే తీశారండీ అని చెప్పుకుంటాడు. జీవితాంతం నా ఇంట్లో వాడి హాలు ఉంటుంది.

అందుకని మేస్త్రీని ఆపేశాను. ఊళ్ళో విచారిస్తే, కట్టడాల బలం చూడటమే పనిగా చదువుకున్న ఇంజనీర్లు ఉన్నారట, స్ట్రక్చరల్ ఇంజనీరు అంటారట. ఒకావిణ్ణి రమ్మన్నాను. ఆవిడ వచ్చి ఈ గోడ తియ్యకూడదు అనాలి, ఆ కాగితం పటం కట్టించి వాడికి పంపాలి. ఇది నా సొంత ఆలోచన. నువ్వేదో నెలకిందట ఇంజనీరని గొణిగావు కానీ, దానికీ దీనికీ సంబంధం లేదు.

పంతం పట్టిన,
నీ బావ

బత్తాయిలు మాత్రం బాగున్నాయి.


మార్చి 12

పెద్దబావగారికి,

చిన్నబావ అంత మాటన్నాడా? ఆశ్చర్యంగా ఉంది. చదువుకున్నవాడు, కాస్త ముందూ వెనకా చూసుకోవద్దూ?

మీ నిర్ణయం మీరు తీసుకున్నదే. దానికి నేనేమీ అనలేదు, అనను. ఇంజనీరుగారు ఏమన్నారో మాత్రం ముందు వచ్చే పడవకే రాయండి. అత్త ఆ గది తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుందని చదివిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. గది మీద నాకు కన్నులేదని చెప్పండి. చెబితే ఇంకా గట్టిగా నమ్ముతుందేమో. చెప్పకండి.

త్వరగా,
మీ బావమరిది


మార్చి 24

బావమరిదికి,

ఇంజనీరుగారు వచ్చారు. పొట్టి మనిషి, పెద్ద టార్చిలైటు. నేను గోడ దగ్గర నిలబడి మొత్తం కథ తోడల్లుడితో సహా మొదలుపెడితే, ఆవిడ తల ఊపుతూనే నన్ను దాటుకుని మేడెక్కేశారు. ముందు అత్తయ్యగారి తలుపు చూశారు. ఎప్పట్నుంచి పట్టేస్తోందమ్మా అని అడిగారు. ఇన్నాళ్ళకి తన తలుపు గురించి అడిగిన మనిషి కనిపించేసరికి అత్తయ్యగారు కుర్చీ తీసి, ఆ కుర్చీలోనే ఆవిణ్ణి కూర్చోబెట్టారు. తలుపు చౌకట్టు మూలన గోడలో సన్నగా పగులు. నేను రోజూ ఆ మెట్లెక్కి ఆవిడకి మాత్రలు ఇచ్చి వస్తాను. ఒక్కనాడూ కనపడలేదు.

తర్వాత కిందికి దిగి, నిచ్చెనేసుకుని, కన్నం పైభాగంలో గార గీకి చూశారు. నిచ్చెన మీంచే నాకు చెప్పారు: "పైగది గోడకి కింద దూలం లేదండీ. తిన్నగా ఈ గోడ మీదే కూర్చుంది. రెండు పక్కల శ్లాబులూ దీనిమీదే ఆనుకున్నాయి. ఇది తీస్తే మీ హాలు పెద్దదవుతుంది. కాకపోతే పైగది కూడా ఆ హాల్లోకే వస్తుంది."

నేను మళ్ళీ మేడెక్కాను. అత్తయ్యగారి మంచం ఉన్నచోట నిలబడ్డాను. కన్నం సరిగ్గా నా పాదాల కింద. ఆవిడ అటు తిరిగి దుప్పటి మడత పెట్టుకుంటున్నారు. ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి రమ్మన్నాను. ఈసారి ఎందుకని అడగలేదు. నా మొహం చూసి వచ్చేశారు.

ఆ సాయంత్రానికే ఇంజనీరుగారు పై బరువు ఆపడానికి కన్నం పక్కన ఇనప జాకీలు నిలబెట్టించారు. దారి మాత్రం ఉంది. అటూ ఇటూ స్తంభాలు, పైన ఇనప దూలం ఎక్కించి, బరువు దాని మీదకు మార్చాక రెండు తలుపులంత వెడల్పు తెరుచుకోవచ్చట. గోడ మొత్తం పోదు. నాకిప్పుడు అంత అక్కర్లేదు కూడా. రైలుపెట్టెలో ఏం తక్కువ, అందరూ దగ్గరగా కూర్చుంటారు.

మర్నాడు నీ చిన్నబావను పిలిపించాను. ఆ జాకీల ముందు నిలబెట్టి, ఏమయ్యా, తోసేస్తే పడిపోతుందన్నావు అన్నాను. తిట్టటానికి నెల రోజులకు సరిపడా సరుకు సిద్ధం చేసుకున్నాను. వాడు చౌకట్టు పగులు గురించి వినగానే తెల్లబోయి కూలబడ్డాడు. "నేను అలా అంటే మీరు తప్పకుండా వేరేవాళ్ళని పిలుస్తారని మన బావమరిది రాశాడు అన్నయ్యా. పిలవకపోయుంటే?" అన్నాడు. నీళ్ళు తాగించాల్సి వచ్చింది.

కాబట్టి బావమరిదీ, నీ నాటకం తెలిసింది. నేను పిలవకపోయుంటే అన్నది నువ్వు కూడా ఒకసారి ఆలోచించు. పిలిచాను కాబట్టి నవ్వుతున్నాం. ఇద్దరం కలిసి చాలాసేపే నవ్వాం. పెళ్ళిళ్ళయ్యాక మేమిద్దరం కలిసి నవ్వడం ఇదే మొదటిసారని మీ అక్క అంది, నాతోనే అంది, గోడతో కాదు.

ఇకపోతే దూలం పని నెలన్నర పడుతుంది. అన్నాళ్ళు అత్తయ్యగారు ఈ దుమ్ములో ఉండలేరు. తన గది గురించి అంత ఆరాటపడ్డ మేనల్లుడి దగ్గరకే వెళతానంటున్నారు, ఇనప బీరువాతో సహా. నీ మెలికల మెట్లు కాస్త తుడిపించి ఉంచు. బీరువా మొయ్యటానికి మనుషుల్ని చూసుకో.

ఇట్లు,
తోడల్లుళ్ళు ఇద్దరూ


మార్చి 26

పెద్దబావగారికి, పక్కనే కూర్చుని ఉంటే చిన్నబావగారికి,

చేసింది నేనే. నేను చెబితే మీరు వినరు. చిన్నబావ ఒకటి చెబితే దానికి ఎదురు చేయకుండా ఉండలేరు. అత్త తలుపు పట్టేస్తోందని మీరు రాసిన ఉత్తరం చూశాక నాకు ఇంకో దారి తోచలేదు. పిలవకపోయుంటే అన్న మాట నిన్నటి నుంచీ నన్నూ తింటూనే ఉంది. పడవ దొరికితే నేనే వచ్చి గోడకి అడ్డంగా పడుకునేవాణ్ణి. ఆ పడవేమో బుధవారం తప్ప రాదు. చెవి మెలిపెట్టాలనుంటే సెలవులో వచ్చినప్పుడు మెలిపెట్టండి.

ఇక ఆ చివరి పేరా. అందులో చిన్నబావ వేలిముద్రలు కనిపిస్తూనే ఉన్నాయి. నన్ను హడలగొట్టాలని చూశారు. హడలలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. అత్తను తప్పకుండా పంపించండి. ఈ దీవిలో నాతో మాట్లాడే దిక్కులేక గాలితో మాట్లాడుతున్నాను. ఆవిడ చేతి అన్నం తిని ఎన్నాళ్ళయిందో. కింది గది ఆవిడకే, నేను మెట్ల మీద పడుకుంటాను. నెలన్నర కాదు, ఎన్నాళ్ళున్నా నాకు సంతోషమే. బీరువా కూడా పంపండి, చీపురు దానికి చేరేస్తాను.

ఏం, ఇప్పుడెవరు హడలుతారు?

మీ ఇద్దరి
బావమరిది


ఏప్రిల్ 6

బావమరిదికి,

నువ్వు గెలిచావు. ఆ చివరి పేరా మేమిద్దరం పొట్ట పట్టుకుని రాసిన అబద్ధమే. అత్తయ్యగారు ఎక్కడికీ వస్తాననలేదు. వెనకగదిలో హాయిగా ఉన్నారు, ఇంజనీరుగారు వచ్చినప్పుడల్లా ఆవిడకి తోడుగా తిరిగి అందరి తలుపులూ పరీక్షిస్తున్నారు. ఈ వేళాకోళం మీ అక్కకు కూడా చెప్పలేదు.

చెప్పాల్సింది. నీ ఉత్తరం వచ్చిన రోజు నేను క్లినిక్‌లో ఒక దవడ పన్నుతో కుస్తీ పడుతున్నాను. కవరు మీ అక్క విప్పింది. అత్తయ్యగారి పక్కన కూర్చుని పైకి చదివింది. ఆవిడ చేతి అన్నం గురించి నువ్వు రాసిన ముక్క దగ్గర అత్తయ్యగారు ఆపించి, మళ్ళీ చదవమన్నారట. మళ్ళీ చదివింది. తర్వాత, "వాడికి గది కాదన్నమాట కావల్సింది" అన్నారట. నేను ఇంటికొచ్చేసరికి బట్టలు సర్దుకుంటున్నారు.

అది వట్టి హాస్యం అత్తయ్యగారూ అని చెబుదామని గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ మొహం చూశాక చెప్పలేకపోయాను. నీ చిన్నబావని పంపాను, వాడూ చెప్పలేకపోయాడు. వెళ్ళి రెండు ట్రంకుపెట్టెలకు తాళ్ళు కట్టి వచ్చాడు. బీరువాకి మాత్రం పడవవాడు ఒప్పుకోలేదు, నీ అదృష్టం.

మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తలుపు పట్టేస్తోందని ఆవిడ ఏనాడైనా అంటే, నూనె సీసా తియ్యకు. ముందు చౌకట్టు చూడు.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. "ఎలాగూ నేనటే వెళుతున్నానుగా, స్టాంపు దండగ" అని అత్తయ్యగారే తన సంచిలో పెట్టుకుంటానన్నారు. కాబట్టి ఇది తర్వాత చదువుకోవచ్చు. ముందు నీకు దీన్ని అందించిన మనిషి చేతిలో సంచి అందుకో. మోకాళ్ళ నొప్పితో నిలబడి ఉన్నారు.

నీ పెద్దబావ